పూజలో చిక్కిన ఆవిరి గొట్టం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ వస్తువైనా కొనేముందు దాని గురించి లోకంలో దొరికే సమాచారమంతా చదివేస్తే, దానితో చేయాల్సిన పని సగం అయిపోయినట్టే అని. కెనడా వచ్చిన కొత్తలో చలికోటు కోసం ఇలాగే చదివి చదివి, తీరా కొనేసరికి మంచు కరిగి వీధుల్లో పూలు పూశాయి. రైస్ కుక్కర్ విషయంలోనైతే చదువు పూర్తయ్యేదాకా బ్రెడ్డు తిని బతికాను. అలాంటివాడు సిగరెట్ మానడానికి ఒక వేప్ కొనుక్కోవాలని నిర్ణయించుకుంటే ఏమవుతుందో మీరు ఊహించుకోవచ్చు. (వేప్ అంటే తెలియని పుణ్యాత్ములకు చెబుతున్నాను, అదొక బ్యాటరీతో నడిచే గొట్టం. నిప్పు, పొగాకు ఉండవు. లోపలున్న నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి ఆవిరి చేస్తుంది, దాన్ని పీలుస్తారు.)

అప్పుడు నేను టొరంటో పక్కన రిచ్‌మండ్ హిల్‌లో ఒక రిటైర్డ్ డాక్టర్‌గారి ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాణ్ణి. ఆయన ఊపిరితిత్తుల డాక్టరు. సిగరెట్ తాగేవాడికి అంతకంటే తగిన ఇల్లుగలాయన దొరకడు. ఆయన భార్యను అందరిలాగే నేనూ ఆంటీ అనేవాణ్ణి. తెనాలి దగ్గరి మనిషి, కెనడాలో ముప్ఫై చలికాలాలు గడిపినా మాటలో ఆ ఊరి కారం తగ్గలేదు. నా ఉద్యోగం నార్త్ యార్క్‌లో, ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌ని టెస్ట్ చేయడం. బస్‌స్టాప్‌కి నడుస్తూ ఒకటి, సబ్‌వే దిగాక ఒకటి, ఆఫీసులో ఎవరైనా చిరాకు పెడితే ఒకటి, ఎవరూ పెట్టకపోతే ఆ సంతోషానికి ఒకటి తాగేవాణ్ణి. సాయంత్రం చివరిది ఆర్పేసి, సోంపు నమిలి, పెరట్లో పుదీనా ఆకులు చేతులకి రుద్దుకుని లోపలికి వెళ్ళేవాణ్ణి. "ఈ అబ్బాయి దగ్గర ఎప్పుడూ పుదీనా వాసనే" అని మురిసిపోయి ఆంటీ ఒకరోజు గిన్నెడు పుదీనా పచ్చడి చేసి కిందికి పంపింది. డాక్టర్‌గారు మాత్రం నా దగ్గు వినపడినప్పుడల్లా పేపరు దించి నావైపోసారి చూసి, మళ్ళీ పేపరు పైకెత్తుకునేవారు.

ఆంటీకి అక్కకూతురు ఒకమ్మాయి దేశానికి ఆ చివర, బర్నబీలో ఉండేది. అక్కడ కొండమీది యూనివర్సిటీలో రీసెర్చి చేస్తోంది. "ఊరికే మాట్లాడుకోండి, నచ్చితే నచ్చారు, లేకపోతే లేదు" అని ఆంటీ మా ఇద్దరికీ ఫోన్ నంబర్లు ఇచ్చింది. నాకు మాత్రం మొదటివారమే నచ్చేసింది. ఆమె నవ్వేముందు ఒక్క క్షణం ఆగేది, ఆ క్షణం కోసం నేను రోజంతా జోకులు కూడబెట్టుకునేవాణ్ణి. అలా హాయిగా సాగుతుండగా ఒకరోజు సూటిగా అడిగింది, "మీరు సిగరెట్ తాగుతారా?" అని. అబద్ధం చెప్పడానికే నోరు తెరిచాను. ఎందుకో నిజం బయటికొచ్చింది.

ఆమె కోపం లేకుండానే చెప్పింది. "మా ఇంట్లో కర్టెన్లు, దిండ్లు, నా స్కూల్ బ్యాగు, అన్నీ అదే వాసన వచ్చేవి. మానేస్తానని మా నాన్న ప్రతి ఉగాదికీ చెప్పేవారు. ఆయనిప్పుడు లేరు. ఆ వాసన ఉన్న ఇంట్లో పెరిగానండీ, ఇంకో అలాంటి ఇంట్లో ముసలిదాన్ని కాలేను. దసరాకి పిన్ని వాళ్ళింటికి వస్తున్నాను. అప్పటికి మీరు మానేస్తే పెళ్ళి సంగతి ఆలోచిద్దాం. లేకపోతే ఏమీ అనుకోను. పిన్నికి కూడా చెప్పను."

ఆ చివరి మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. తిట్టి ఉంటే బతిమాలుకునేవాణ్ణి. అంత మర్యాదగా చెప్పిన మనిషి అంతే మర్యాదగా వెళ్ళిపోగలదని అర్థమైంది. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, దసరాకి మానేయాల్సిందేనని. అంతకుముందు మానడానికి చేసిన ప్రయత్నాలన్నీ బెడిసికొట్టి ఉన్నాయి కాబట్టి ఈసారి వేప్ సాయం తీసుకుంటానని ఆమెకి చెప్పాను. కాసేపు ఆలోచించి, "మెట్టు అనుకుంటే సరే. ఆ మెట్టు మీదే కాపురం పెట్టకండి" అంది.

ఇక మొదలైంది నా చదువు. నేను కొనదలచింది చవకరకం. ఆ రకంలో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. ఒకదాంట్లో బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది, ఫోన్‌లాగా కేబుల్ పెట్టి చార్జ్ చేసుకోవాలి. రెండోదాంట్లో పాతకాలం టార్చిలైటులాగా మూత తీసి సెల్లు బయటికి తీయొచ్చు, విడిగా చార్జరులో పెట్టుకోవచ్చు. ఈ రెండింట్లో ఏది మేలన్న విషయం మీద ఇంటర్నెట్‌లో జనం ఆస్తి తగాదాలకన్నా ఘోరంగా కొట్టుకుంటున్నారు. నేనూ ఆ కొట్లాటలో పడ్డాను. నాకు ప్రతిపక్షం మా ఆఫీసులో పక్కసీటు మిత్రుడు. వాడికి మేం పెట్టుకున్న పేరు సెకండ్ ఒపీనియన్. కరీంనగర్‌వాడు. ఎవరేం కొన్నా, ఎవరికి జ్వరం వచ్చినా వాడి దగ్గర రెండో అభిప్రాయం ఒకటి తయారుగా ఉండేది. మొదటి అభిప్రాయం ఏమిటో వినేదాకా కూడా ఆగేవాడు కాదు.

"అన్నా, బ్యాటరీ లోపలున్నదే తీస్కో. కేబుల్ పెట్టుడు, తీసుడు, అంతే. నీకెందుకా సెల్లులు, చార్జర్లు, డబ్బీలు? సిగరెట్ మానేటోనికి ఇంకో సంసారమెందుకు?" అనేవాడు.

"లోపలి బ్యాటరీ చచ్చిపోతే మొత్తం చెత్తబుట్టలో పారేయాలిరా. తీసేదైతే సెల్లు మారిస్తే చాలు, మళ్ళీ కొత్తదే. జేబులో ఇంకో సెల్లు పెట్టుకుంటే ఎక్కడా ఆగే పనే లేదు. అసలు మా ఇంట్లో టార్చిలైటు సెల్లులు అయిపోతే పారేసేవాళ్ళం కాదు, పిట్టగోడ మీద ఎండబెట్టి ఇంకో వారం వాడేవాళ్ళం. సెల్లు విలువ తెలిసిన వంశం మాది."

"ఈడ ఎండ యాడుందన్నా?"

నిజమే, అప్పుడు బయట ముసురు పట్టి ఉంది. అయినా నేను వెనక్కి తగ్గలేదు. టెస్టింగువాణ్ణి కదా, రెండు జాతులకీ టెస్ట్ కేసులు రాశాను. చేతిలోంచి జారి కాంక్రీటు మీద పడితే ఏమవుతుంది, గ్లవ్స్ వేసుకుని బటన్ నొక్కగలమా, చలిలో బస్సుకోసం నిలబడితే చార్జ్ ఎంత తొందరగా పోతుంది, ఆంటీ హఠాత్తుగా మెట్లు దిగితే ఎంత వేగంగా దాచగలం, ఇలా. వాడు ప్రతి టెస్ట్ కేసునీ విడిగా ఖండించేవాడు. ఈ మహా చర్చలన్నీ ఎక్కడ జరిగేవో చెబితే నవ్వుతారు. ఆఫీసు వెనక, చెత్త డబ్బాల పక్కన, సిగరెట్లు కాల్చుకునే చోట. సిగరెట్ మానడానికి ఏది కొనాలో తేల్చుకునేలోపు నేను మామూలుగా తాగేదానికి రెట్టింపు తాగాను. దసరా దగ్గరపడుతోందని ఒకరోజు గుండె గుభేలుమని, ఆ సాయంత్రమే ఇద్దరం దుకాణానికి బయల్దేరాం.

దుకాణం ఒక ప్లాజాలో మూలగా ఉంది. లోపలేముందో పిల్లలకి కనపడకుండా అద్దాలన్నీ తెల్లకాగితం అతికించినట్టు మూసేసి ఉన్నాయి. లోపల నడివయసు గడ్డమాయన నూడుల్స్ తింటున్నాడు. మా ఐడీలు చూసి, మళ్ళీ నూడుల్స్ వైపు తిరిగాడు. నేను గొంతు సవరించుకుని, ఇన్ని వారాలుగా పోగుచేసిన ప్రశ్నలన్నీ వరుసగా అడిగాను. ఆయన ఓపిగ్గా నమిలి మింగి, "బ్యాటరీ తీసేది కావాలంటే ఇది, వద్దనుకుంటే అది" అన్నాడు ఇంగ్లీషులో. రెండింట్లో ఏది మంచిదని అడిగాను. "నువ్వు వాడేది" అన్నాడు. సెల్లుల్ని తాళాలతో, చిల్లరతో కలిపి జేబులో వేసుకోవద్దని, ప్లాస్టిక్ డబ్బీలోనే పెట్టుకోమని మాత్రం గట్టిగా చెప్పి మళ్ళీ గిన్నె అందుకున్నాడు. అన్ని వారాల పాండిత్యానికి దక్కిన గౌరవం అదీ. నేను సెల్లు తీసేది కొన్నాను. సెకండ్ ఒపీనియన్ తీయలేనిది కొన్నాడు. బయటికొచ్చి ఒకరినొకరం జాలిగా చూసుకున్నాం.

ఆ రోజు నుంచి నేను సిగరెట్ ముట్టలేదు. ప్యాకెట్‌లో మిగిలినవి విరిచి చెత్తలో వేసేటప్పుడు చెయ్యి ఆగింది, అయినా వేశాను. గొట్టం పీలుస్తూ ఎలాగో నెట్టుకొస్తున్నాను. పడుకునే ముందు సెల్లులు తీసి చార్జరులో పెట్టడం ఒక నిత్యపూజ అయిపోయింది. సెకండ్ ఒపీనియన్ మాత్రం రెండూ తాగేవాడు. అదేమిట్రా అంటే, "ఇది సిగరెట్ మానేతందుకు, సిగరెట్ దీన్ని మానేతందుకు" అనేవాడు.

దసరా వచ్చింది. వచ్చిందంటే, మా ఇంటికి కాస్త వెనక్కి జరిగి వచ్చింది. పంచాంగం ప్రకారం ఆ ఏడు నవమి వారం మధ్యలో పడింది. ఇక్కడ వారం మధ్యలో పండగ చేసుకునే తీరిక ఎవరికుంది? ఆంటీ అమ్మవారికి పరిస్థితి వివరించి, థాంక్స్‌గివింగ్ లాంగ్ వీకెండ్‌కి మార్చేసింది. శనివారం ఆయుధపూజ, సోమవారం ఉద్వాసన. మధ్యలో పూజలో పెట్టిన పనిముట్టు ఏదీ కదిలించకూడదు. ఇది ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి వస్తున్న కట్టుబాటు. నాకు అది కొత్త. పండగ తేదీని అంత సులువుగా జరిపిన మనిషి నియమాన్ని మాత్రం అంగుళం కూడా జరపదని నాకు అప్పటికి తెలియదు.

శనివారం పొద్దున్న బర్నబీ అమ్మాయిని తీసుకురావడానికి డాక్టర్‌గారి కారులో నేనే ఎయిర్‌పోర్టుకి వెళ్ళాను. ఆయనకి హైవే మీద నడపడం ఇష్టముండదు. ఆమె కారెక్కుతూనే సీటుబెల్టు పెట్టుకునే వంకతో కొంచెం వంగి గాలి పీల్చింది. పరీక్ష జరుగుతోందని తెలిసి నేను ఊపిరి బిగబట్టాను. ఆమె భుజాలు సడలించి వెనక్కి వాలి కూర్చుంది. నాకు ఆకాశంలో తేలినట్టయింది. ఆ సంతోషంలో ఇంటికెళ్ళగానే కిందికి పోయి నాలుగు దమ్ములు ఆవిరి పీల్చుకోవచ్చని ఆశపడుతూ నడిపాను.

ఇంట్లో అడుగుపెట్టేసరికి సాంబ్రాణి ధూపం. పూజగది ముందు పీట మీద పట్టుగుడ్డ పరిచి ఆయుధాలన్నీ కొలువుతీరి ఉన్నాయి. డాక్టర్‌గారి స్టెతస్కోపు, కారు తాళంచెవి, కూరగాయల కత్తి, మిక్సీ జారు, గోడకి చేరవేసి మంచు తీసే పార, దాని నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు. వాటన్నిటి మధ్యలో, ఒళ్ళంతా పసుపు, మూడుచోట్ల కుంకుమ, నెత్తిన పసుపు చామంతితో, సాక్షాత్తూ నా వేప్.

"నువ్వు ఎయిర్‌పోర్టుకి పోయావుగా బాబూ, నేనే కిందికొచ్చి చూశా" అంది ఆంటీ ప్రేమగా. "టేబుల్ మీద ఏదో మీటరులాంటిది కనపడింది, చిన్న తెర కూడా ఉంది. ఆఫీసు సామానై ఉంటుందని పెట్టేశా. దేనికి వాడతావు దాన్ని?"

"టెస్టింగ్‌కి ఆంటీ" అన్నాను. (నా సహనానికి టెస్టు కాబట్టి పూర్తిగా అబద్ధం కాదు.)

"మరింకేం, నీకు అన్నం పెట్టేది అదేగా. సోమవారం దాకా దాని జోలికి పోమాక."

పక్కకి చూస్తే బర్నబీ అమ్మాయి చున్నీ కొస నోటికి అడ్డంపెట్టుకుని అమ్మవారికి దణ్ణం పెడుతోంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. డాక్టర్‌గారు కళ్ళజోడు సవరించుకుని ఆ పీటవైపు చాలాసేపు చూసి, మళ్ళీ పేపరు అందుకున్నారు.

నేను ఊరుకోలేదు. తర్కానికి దిగాను. "ఆంటీ, కారు తాళం లేకపోతే రేపు గుడికెలా వెళ్తారు?" అన్నాను. "అది స్పేర్ తాళం బాబూ" అంది. స్టెతస్కోపు ఆయన రిటైరయ్యాక ముట్టుకోనిది. కత్తి మొండిది. మిక్సీ జారు పగిలిపోయింది. పారకి ఇంకా మంచు రాలేదు. అంటే ఆ ఇంట్లో అందరూ అవసరంలేని ఆయుధాలే సమర్పించుకున్నారు. నిజంగా ఆయుధం పోగొట్టుకుని నిరాయుధుడిగా నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే.

కిందికి పరుగెత్తాను. టేబుల్ మీద చార్జరులో రెండు సెల్లులు నిండుగా చార్జయి పచ్చలైటు వేసుకుని నవ్వుతున్నాయి. ద్రవం సీసా ఉంది. ద్రవాన్ని వేడిచేసే కాయిల్ అదనంగా ఒకటి ఉంది. గొట్టం లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలి బ్యాటరీది కొనుక్కుని ఉంటే అదీ నా ఫోన్ పక్కన కేబుల్‌కి వేలాడుతూ ఉండేది, ఆంటీ చెయ్యి వేసేది కాదు. సెల్లు బయటికి తీయొచ్చన్న ఏ గొప్పతనం కోసం వారాల తరబడి వాదించానో, ఆ గొప్పతనమే నా కొంపముంచింది. వెంటనే సెకండ్ ఒపీనియన్‌కి ఫోన్ చేసి విషయం చెప్పాను. ముందు తృప్తిగా నవ్వుకున్నాడు. ఎలాగూ పండగ భోజనానికి పిలిచి ఉన్నాం కాబట్టి, దారిలో దుకాణానికెళ్ళి ఏదో ఒకటి పట్టుకురమ్మన్నాను.

"ఇంకోటి కొనుడెందుకన్నా దండగ? నాది తెస్తా, తీస్కో. అప్పుడన్నా తెలుస్తది ఏది మంచిదో."

మధ్యాహ్నం వాడొచ్చేలోపు గడియారం వైపు పదిసార్లు చూశాను. ఎవరేమన్నా రెండోసారి చెప్పించుకుంటున్నాను. ఎదురుగా కూర్చున్న అమ్మాయి తన రీసెర్చి గురించి ఏదో చెబుతోంది, నేను తలూపుతున్నాను, ఒక్కముక్క ఎక్కడం లేదు. వాడు కారు ఆపగానే చెప్పులు కూడా వేసుకోకుండా గ్యారేజ్ పక్కకి లాక్కుపోయాను. వాడు విజయగర్వంతో జేబులోంచి తన యంత్రం తీశాడు. పీల్చాను. ఏమీ రాలేదు. మళ్ళీ పీల్చాను. చిన్న ఎర్రలైటు ఒకసారి వెలిగి ఆరిపోయింది.

"చార్జ్ లేదురా!"

"దార్లో నేను జర పీల్చిన అన్నా. కేబుల్ పెడితే అయిపాయె."

"కేబుల్ ఏదీ?"

వాడు జేబులన్నీ తడుముకున్నాడు. చవకరకం కదా, దాని కేబుల్ మా ఇంట్లో ఉన్న ఏ కేబుల్‌తోనూ పొత్తులేని పాతరకం. కేబుల్ వాళ్ళింట్లో ఉంది. అప్పుడు ఆ దృశ్యం ఎవరైనా చూడాల్సింది. నా చేతిలో ప్లాస్టిక్ డబ్బీలో నిండు ప్రాణంతో రెండు సెల్లులు. వాడి చేతిలో ప్రాణంలేని యంత్రం, దానికి మూత లేదు, మర లేదు, సెల్లు దూర్చడానికి సందు లేదు. వాడు చిల్లర బిళ్ళతో దాని అడుగు పెకలించబోయాడు. అలా చేస్తే పేలుతుందేమో అని నేనే ఆపాను. ఇద్దరు ఇంజనీర్లం, ఇన్ని వారాల వాదం తర్వాత, ఒకరి తెలివిని ఒకరికి అరువిచ్చుకోలేక నిలబడిపోయాం.

"షాప్‌కి పోదాం పా" అన్నాడు వాడు. అంతలో లోపల్నుంచి ఆంటీ, "వడ్డించేశా, రండర్రా" అని కేక పెట్టింది. వాడు నా మొహం చూశాడు. నిజంగానే జాలిపడ్డాడు పాపం. కారు తలుపు తీసి, లోపలినుంచి ప్యాకెట్ తీసి, ఒక సిగరెట్ నా చేతిలో పెట్టాడు. "ఒక్కటే అన్నా. ఎవ్వరికి తెల్వది. తాగి సోంపు నములు."

ఆ సిగరెట్‌ని వేళ్ళ మధ్య పట్టుకున్నాను. అంత తేలికైన వస్తువుకి అంత బరువెలా వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. లైటర్ వెలిగించి పట్టుకున్నాడు వాడు. ఆ క్షణంలో నాకు ఆ అమ్మాయి గుర్తొచ్చిందనీ, ప్రేమ గెలిచిందనీ రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి వచ్చింది వట్టి మొండితనం. ఇంత చదివి, ఇంత వాదించి, ఇన్నిరోజులు ఓర్చుకుని, చివరికి ఒక కేబుల్ లేక ఓడిపోతానా? ఓడిపోను గాక ఓడిపోను. సిగరెట్ వాడికి తిరిగిచ్చేశాను. "దుకాణానికి కూడా వద్దురా. సోమవారం దాకా ఏదీ వద్దు" అన్నాను. జీవితంలో మొదటిసారి వాడి దగ్గర రెండో అభిప్రాయం లేకపోయింది.

మొండితనం భోజనాలదాకా బాగానే పనిచేసింది. బూరెలు తిన్నాక మళ్ళీ ఒంట్లో పురుగు తొలవడం మొదలైంది. కుదురుగా కూర్చోలేక పెరట్లోకి వెళ్ళాను. అక్టోబరు కదా, మేపుల్ చెట్లు ఆకులన్నీ దులిపేసి ఉన్నాయి, పెరడంతా ఎర్రగా, పసుప్పచ్చగా పరిచేసి ఉంది. గ్యారేజ్‌లో ఆకులు లాగే రేక్ కనపడింది. ఆంటీ పూజలో పెట్టడం మరిచిపోయిన ఆయుధం ఆ ఇంట్లో అదొక్కటే. అందుకున్నాను. పెరడు ఊడ్చాను. ఇంటిముందు ఊడ్చాను. సిగరెట్ గుర్తొచ్చినప్పుడల్లా ఇంకాస్త గట్టిగా లాగాను. సంచులు నిండిపోతే పక్కింటి ముసలావిడ ఇంకొన్ని ఇచ్చింది, దానికి ప్రతిఫలంగా ఆవిడ ముంగిలీ ఊడ్చాను. ఆదివారం పొద్దున్నే లేచి, రెండోవైపు పక్కింటివాళ్ళు నిద్రలేచేలోపు వాళ్ళదీ పూర్తిచేశాను. వాళ్ళు కిటికీలోంచి చూసి నేనెవరో తెలియక కంగారుపడి, సంగతి తెలిశాక గుమ్మడికాయతో చేసే 'పై' అనే తీపి వంటకం ఒకటి పంపించారు. ఆంటీ ఆనందానికి హద్దు లేదు. "మా వీధిలో ఇంత పనిమంతుణ్ణి చూళ్ళేదే" అని అక్కకూతురికి వినపడేలా చెబుతోంది. ఆ అమ్మాయి రెండుసార్లు టీ తెచ్చిచ్చింది. రెండోసారి గట్టు మీద కూర్చుని, "చేతులు వణుకుతున్నాయి" అంది. "అవునండీ" అన్నాను. నా అరచేతిలో లేచిన బొబ్బ చూసి లోపలికెళ్ళి బ్యాండేజీ తెచ్చి వేసింది.

సోమవారం ఆంటీ ఉద్వాసన చెప్పింది. కలశాన్ని కొంచెం కదిపి, ఒక్కో ఆయుధాన్నీ కళ్ళకద్దుకుని ఎవరిది వాళ్ళకిచ్చింది. నా వంతు వచ్చింది. "తీసుకో బాబూ, దీంతో నువ్వు అనుకున్న పని నెరవేరాలి" అని వేప్‌ని రెండు చేతులతో నా చేతిలో పెట్టింది. నోట్లో పెట్టుకునే గొట్టం నిండా పసుపు ముద్ద గట్టిపడి ఉంది, ఆవిడ ఎక్కడా లోటు చేయలేదు. దాన్ని కాయిల్‌తో సహా శుభ్రం చేయడానికి నాకు మరునాటి సాయంత్రం పట్టింది. డాక్టర్‌గారు తన స్టెతస్కోపు అందుకుంటూ నా పక్కకొచ్చి చాలా చిన్నగా అన్నారు. "నలభయ్యేళ్ళు ఛాతీలు చూశానయ్యా. అదేం మీటరో నాకు తెలీదనుకున్నావా? సిగరెట్‌కంటే నయమేమో గానీ, మంచిదని మాత్రం నేనను. తొందరగా దాన్నీ వదిలెయ్. వచ్చే ఏడు దాన్ని పూజలో చూశానంటే మాత్రం మీ ఆంటీకి చెప్పేస్తా." తలూపాను.

సాయంత్రం ఆమెని ఎయిర్‌పోర్టుకి మళ్ళీ నేనే దింపాను. లాంగ్ వీకెండ్ ముగింపు కదా, 401 హైవే మీద కార్లు చీమల్లా కదులుతున్నాయి. అడగాల్సింది అడగలేక, వాతావరణం గురించి మాట్లాడుతున్నాను. ఆమె కిటికీలోంచి చూస్తూ ఉన్నట్టుండి అంది, "శనివారం నేను మేడమీద కిటికీ దగ్గరున్నాను."

"అది... అంటే... మా వాడు..." అన్నాను.

"మీరు తీసుకున్నారు. వాసన కూడా చూశారు. నేను కర్టెన్ వేసేద్దామనుకున్నాను, చూడటం ఇష్టంలేక. చెయ్యి రాలేదు." కొంచెం ఆగింది. నవ్వేముందు ఆగే ఆగడం కాదది. "తిరిగిచ్చేశారు. మా నాన్న మంచివారండీ, చాలా మంచివారు. కానీ ఒక్కసారి కూడా తిరిగివ్వలేదు."

కళ్ళు మసకబారాయి. డిపార్చర్స్ అని ఆకాశమంత బోర్డు నెత్తిమీద వెళ్ళిపోతున్నా చూడలేదు. చూసేసరికి దారి దాటిపోయింది, కారు ఎయిర్‌పోర్టు చుట్టూ తిరిగి మళ్ళీ బయటికి పోయే వంతెన ఎక్కింది. "అయ్యో, సారీ, సారీ" అని కంగారుపడుతున్నాను. ఆమె తాపీగా వాచీ చూసుకుంది.

"పర్లేదు, ఇంకా టైముంది. ఇంకో చుట్టు తిరగండి" అంది. వంతెన దిగుతుండగా అడిగింది, "బర్నబీలో టెస్టింగ్ ఉద్యోగాలు దొరుకుతాయా?"

రెండోసారి కూడా దారి తప్పాను.

ఆ వేప్‌ని చలికాలమంతా వాడి, తర్వాత దాన్నీ మానేశాను. బర్నబీలో ఉద్యోగం దొరికింది, మా పెళ్ళయింది. ఇప్పుడు మాకు వస్తువులన్నీ ఆవిడే కొంటుంది, నేను చదవడం మొదలుపెట్టేలోపే అవి ఇంటికొచ్చేస్తాయి. టొరంటో వెళ్ళినప్పుడు ఆ వంతెన కనపడితే మాత్రం నాకు ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. అరచేతిలో బొబ్బ, జేబులో పసుపు పూసిన గొట్టం, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, ఏడుపో నవ్వో తెలియని మొహంతో, తిరిగిన దారినే తిరుగుతున్నాడు. పెట్టుకున్న ఒట్టు కోసం వీధి వీధంతా ఊడ్చేసేంత పట్టుదల నాలో ఇప్పుడు లేదు, ఉంటే బాగుండునని అనిపిస్తుంది. ఆ కుర్రవాడంటే నాకు కొంచెం అసూయ, చాలా ఇష్టం.